కోలా కాయ సీను

ఉగోన్మాకి తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దుటినుంచి ఒకటే సీను, ఒకటే గొడవ. నైజీరియాలో సినిమాలు తీసే అసాబా ఊరి చివర అద్దెకు తీసుకున్న లోగిలిలో కెమెరా సిద్ధం, నటి సిద్ధం, ఇంటికొచ్చినవాళ్ళకి ప్రార్థన చేసి విరిచి పంచే కోలా కాయలు పళ్ళెంలో సిద్ధం. ఎర్ర టోపీలు పెట్టుకుని వరసగా కూర్చున్న పెద్దమనుషులు మాత్రం ససేమిరా అంటున్నారు.

వాళ్ళు నటులు కారు. ఎవరి టోపీ వాళ్ళు, ఎవరి చేతికర్ర వాళ్ళు తెచ్చుకుని, మధ్యాహ్నం పెట్టే అన్నం కోసం, మేకమాంసం కోసం వచ్చి కూర్చునే అసలు సిసలు ఊరి పెద్దలు. అసాబాలో ఎవరు సినిమా తీసినా రాజుగారి కొలువులో వీళ్ళే, పంచాయితీలో వీళ్ళే, శవం చుట్టూ కూర్చునే బంధువులూ వీళ్ళే.

"సినిమా అయితే మాత్రం? కోలా విరిచేది మగాడు. ఆడది విరిస్తే మేం ఇక్కడ కూర్చోం," అన్నాడు అందరిలోకీ పెద్దవాడైన అనిక్వే, కర్ర నేలకేసి కొట్టి.

"పెద్దయ్యా, పోయినవారం ఇదే కుర్చీలో కూర్చున్నారుగా మీరు? ఆ సినిమాలో మొగుడు పోయినదానికి గుండు గీయించారు. శవాన్ని కడిగిన నీళ్ళు తాగించారు. అప్పుడు లేవలేదేం?" అంది ఉగోన్మా.

"అది నటనేనమ్మా."

"మరిదో?"

"ఇది కోలా."

ఇంక ఆ మనిషితో ఏం మాట్లాడతాం! గోడకు చెప్పుకున్నా నయమే, కనీసం గోడ తిరిగి నీతులు చెప్పదు.

ఉగోన్మా ఈ సినిమాకి రచయిత్రి. ఏళ్ళ తరబడి ఆమె చేత రాయించినవన్నీ ఒకే మూసలో పోసినవి: దొర్లి దొర్లి ఏడ్చే విధవలు, కూరలో విషం కలిపే అత్తలు, డబ్బున్నవాడి వెంటపడి రెండో భాగంలో పిచ్చెక్కి చెత్తకుప్పల దగ్గర తిరిగే అమ్మాయిలు. ఒకరోజు చీఫ్ ఇఫెదియోరా పిలిచాడు. నిర్మాతా ఆయనే, దర్శకుడూ ఆయనే. "కాలం మారిందమ్మాయ్. ఇప్పుడు చానెళ్ళవాళ్ళు బలమైన ఆడదాన్ని అడుగుతున్నారు. ఒకదాన్ని రాసి పడెయ్," అన్నాడు, వంటమనిషికి కూర పురమాయించినట్టు. బలమైన ఆడదంటే ఆయన లెక్కలో ప్యాంటు వేసుకోవాలి, నల్లకళ్ళద్దాలు పెట్టుకోవాలి, మాటకు ముందు ఎవడో ఒకణ్ణి చెంపదెబ్బ కొట్టాలి. అంతే.

ఉగోన్మా కళ్ళద్దాలూ రాయలేదు, చెంపదెబ్బలూ రాయలేదు. లారీలు తిప్పుకుని బతికే ఒక విధవని రాసింది. మొగుడి తరఫువాళ్ళు ఇల్లు లాక్కోవడానికి వస్తారు. ఆవిడ తన ఇంట్లో, తన చేత్తో కోలా కాయ విరిచి వాళ్ళముందు పెడుతుంది. పెద్దలు కాసేపు ఆలోచించి, తీసుకుని తింటారు. అదీ సీను.

ఆ సీను ఉండి తీరాలని ఉగోన్మాకి ఎందుకంత పట్టుదలో చీఫ్‌కి తెలియదు. ఆమె తండ్రి పోయినప్పుడు ఇంట్లో మగపిల్లాడు లేడు. ఇంటినిండా తండ్రి తరఫు బంధువులు, పళ్ళెంలో తల్లి కష్టార్జితంతో కొన్న కోలా కాయలు. వచ్చినవాళ్ళు విరవకూడదు, ఇంటి తరఫున ఒక మగచెయ్యి కావాలని వీధిలో సైకిళ్ళు బాగుచేసేవాణ్ణి పిలుచుకొచ్చారు. వాడు చేతుల గ్రీజు లాగుకి తుడుచుకుని, ఆ ఇంటి యజమాని పేరేమిటని అడిగి మరీ, ప్రార్థన చేసి విరిచాడు. తల్లి గుమ్మం పక్కన నిలబడి చూసింది. ఆ మాట ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. ఈ సినిమా సంగతి విన్నాక మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతోంది: "ఆ సీను ఉంచుతారంటావే? ఉంచనియ్యరే తల్లీ, నాకు తెలుసు."

ఇవాళ కాకపోతే ఇంక లేదు. లోగిలి యజమాని ఇంట్లో రేపు పెళ్ళి. షామియానా వాళ్ళు అప్పుడే గేటు బయట కర్రలు దించుతున్నారు.

చీఫ్ గడియారం చూసుకుని విసుక్కున్నాడు. "ఇదిగో, దీనికింత రాద్ధాంతం వద్దు. ఒనిచా నుంచి మేనమామ వచ్చాడని పెడదాం. ఆయన విరుస్తాడు. ఈవిడ పక్కన ధీమాగా నిలబడుతుంది. బలమూ ఉంటుంది, మర్యాదా ఉంటుంది."

"ఏ మేనమామ? మూడువంతుల సినిమా అయిపోయాక ఇప్పుడు ఊడిపడ్డాడా?"

"రాకూడదా? లారీలు ఆవిడవేగా, ఏదో ఒకటెక్కి వస్తాడు," అన్నాడు చీఫ్. "ఒరేయ్ ఇకెమ్! ఇట్రా."

ఇకెమ్ జెనరేటర్ చూసుకునేవాడు. ఈ సినిమాకి వాడు చేసిన ఉపకారం, పొద్దున రెండుసార్లు కరెంటు పోగొట్టడం. వాడి నెత్తిన టోపీ పెట్టారు, మెడలో పూసలు వేశారు. పెద్దమనుషుల ముఖాలు విప్పారాయి. "ఆఁ, ఇదీ పద్ధతి," అన్నాడు అనిక్వే.

ఉగోన్మాకి ఒళ్ళు మండిపోయింది. "చదువుకున్నది, వ్యాపారం చేసేది, ఇల్లు కట్టింది పనికిరాదు. పొద్దుటినుంచి చెట్టుకింద నిద్రపోయినవాడు పనికొచ్చాడా? మీకు కావలసింది మనిషి కాదు, మీసం! సిగ్గులేదూ?"

"సిగ్గెందుకమ్మాయ్? ఆచారం," అన్నాడు చీఫ్ తాపీగా. "టేక్‌కి వెళ్దాం."

విధవ వేషం వేస్తున్నది మామా ఫిలోమినా. జుట్టు నెరిసేదాకా రాక్షసి అత్తగా నటించి, సంతలో కూరగాయలవాళ్ళ చేత కూడా తిట్లు తిన్న మనిషి. పొద్దుటినుంచి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉగోన్మా దగ్గరకెళ్ళి, "మామా, నన్ను క్షమించండి. నావల్ల కాలేదు," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"ఏడవకు. ముఖం బావుండదు," అంది ఫిలోమినా. నడుముకి చుట్టుకున్న బట్ట బిగించుకుని వెళ్ళి పెద్దల ఎదురుగా నిలబడింది.

కెమెరా తిరిగింది. ఆమె పళ్ళెం ఇకెమ్ ముందుకు చాపాలి. చాపలేదు. కాయ చేతిలోకి తీసుకుని పైకెత్తింది.

"కోలా తెచ్చినవాళ్ళు బతుకు తెచ్చినట్టు," అంది నిదానంగా, మగాళ్ళు చేసే ప్రార్థనే అందుకుని. "గద్దా వాలాలి, డేగా వాలాలి. ఒకటి ఇంకోదాన్ని వాలొద్దంటే దాని రెక్క విరగాలి." అని, వేళ్ళతో కాయని ఫెళ్ళున విరిచింది.

అనిక్వే గుడ్లు తేలేశాడు. "అమ్మో, విరిచేసింది! నిజంగా విరిచేసింది!" అంటూ లేచాడు. ఆయన వెనకాల అందరూ లేచారు. కుర్చీలు పడ్డాయి. ఒకాయన తడబడి ఇకెమ్ కాలు తొక్కాడు, ఇకెమ్ టోపీ వదిలేసి పరుగు తీశాడు. తిట్టుకుంటూ, ఉమ్ముకుంటూ పెద్దమనుషులంతా గేటు దాటి పోయారు. ఖాళీ కుర్చీల ముందు ఫిలోమినా పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలింది.

"కట్! కట్!" అని అరిచాడు చీఫ్. "సర్వనాశనం!"

"కట్ కాదు, తియ్యి! ఇంకా తియ్యి!" అని కెమెరామన్ మీద పడింది ఉగోన్మా. అతను నోరు తెరుచుకుని చూస్తూ ఆపడం ఎప్పుడో మరిచిపోయాడు.

ఆమెకి అప్పుడు తెలిసింది, అబద్ధం రాసింది తనేనని. పెద్దలు ఆలోచించి తింటారట! ఏ ఊళ్ళో తిన్నారు? ఏ విధవ చేతిది తిన్నారు? ఆచారం అడ్డంపెట్టుకుని వాళ్ళు చేసిందే నిజం. తను రాసిందాని కంటే వెయ్యిరెట్లు నయం.

ఇంతలో ఒక పెద్దాయన గేటులోంచి తల లోపలికి పెట్టి, "అమ్మాయ్, అన్నం ఇటువైపు పెడుతున్నారా, వెనకవైపా?" అని అడిగాడు.

చీఫ్ ఆ రోజంతా నెత్తి బాదుకున్నాడు. పెద్దల ఆశీర్వాదం లేని సినిమా ఎవడు కొంటాడని గోలపెట్టాడు. కానీ మళ్ళీ తీద్దామంటే లోగిలి లేదు, పెద్దలు రారు, పెళ్ళి షామియానా వేసేశారు. గతిలేక ఉన్నది ఉన్నట్టే ఉంచాడు. చానెలువాళ్ళు మెచ్చుకున్నాక, అది మొదటినుంచీ తన ఆలోచనే అని చెప్పుకు తిరగడం వేరే సంగతి. ఆ మాట విన్నప్పుడల్లా ఉగోన్మా పళ్ళు నూరుకునేది.

టీవీలో వేసిన ఆదివారం మధ్యాహ్నం ఆమె తల్లి దగ్గర కూర్చుంది. ఆ సీను వచ్చింది. కుర్చీలు పడ్డాయి, పెద్దలు పోయారు, లోగిలి ఖాళీ అయింది. తల్లి కళ్ళార్పకుండా చూసింది. ఉగోన్మాకి భయమేసింది.

"ఏంటమ్మా? తప్పు చేశానా?"

"తప్పు కాదే," అంది తల్లి, ఇంకా తెరకేసే చూస్తూ. "మీ నాన్న పోయినప్పుడు ఆయన తరఫువాళ్ళు నెలల తరబడి మనింట్లోనే తిష్ఠ వేశారు. మేకలు తిన్నారు, దుంపలు తిన్నారు, పోతూ పోతూ మంచం కూడా పట్టుకుపోయారు. నా చేత్తో ఒక్క కాయ విరిస్తే చాలు లేచి పోతారని నాకు ఒక్కరూ చెప్పలేదు చూడు!"