మిషనక్క వంతు

నేలమాళిగలో పుట్టిన పిల్లాడు ఏడవడం మానేశాడు. పెదాలు నీలంగా మారుతున్నాయి.

పైన చర్చి చుట్టూ పొద్దున్నుంచి ఫిరంగి గుండ్లు పడుతూనే ఉన్నాయి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో రెండో ఆదివారం ఆరాధనకు వచ్చినవాళ్లంతా కింద ఇరుక్కుపోయారు. చలి ఎముకల్ని కొరుకుతోంది. పాస్టరుగారు క్రిస్మస్ కోసం చేయించిన చెక్క పశువుల తొట్టిని పొయ్యిలోకి విరగ్గొట్టబోయారు.

పురుడు పోసిన నర్సమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "పొగ కనిపిస్తే గురిచూసి మరీ కొడతారు. వీడికి ఒంటి వేడే దిక్కు. తల్లి బతికే ఉంది గానీ రక్తం పోయి ఒళ్లు చల్లబడింది. తలా కాసేపు గుండెలకు హత్తుకోండి."

"తలా ఒక ప్రార్థన సేపు," అన్నారు పాస్టరుగారు. "ఆమేన్ అనగానే పక్కవాళ్లకి."

పిల్లాడు చేతులు మారుతున్నాడు. మూలన కూర్చున్న మిషనక్క కళ్లప్పగించి చూస్తోంది. కుట్టుమిషను మీద సైన్యానికి యూనిఫాంలు కుట్టే మనిషి. తను కుట్టిన యూనిఫాంలోనే కొడుకు పోయిన వారం శవమై వచ్చాడు.

"త్వరగా రా ప్రభువా," అంటోంది పక్కావిడ.

"ఎలా వస్తాడు? దారి పొడుగునా చెక్‌పోస్టులేనాయె," అంది మిషనక్క.

"నోరు కాస్త అదుపులో పెట్టుకో అక్కా. ఆమేన్!" పక్కావిడ పిల్లాణ్ని ఆమె ఒళ్లో పడేసినంత పని చేసింది.

మంచుముక్కలా ఉన్నాడు. కొడుకు మిగిల్చిపోయిన మందపాటి సైనిక కోటు గుండీలు విప్పి, మిషనక్క వాణ్ని లోపలికి పొదువుకుంది.

"ప్రార్థన చెయ్యమ్మా," అన్నారు పాస్టరుగారు.

"చెయ్యను. చేసినవాటికే దిక్కు లేదు."

"మరి ఆమేన్ ఎప్పుడంటావు?"

"అనను."

"పంతాలకు ఇదా సమయం? ఇటివ్వు!" నర్సమ్మ విసురుగా వచ్చి కోటులోకి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పిల్లాడి వీపు గోరువెచ్చగా తగిలింది.

"ఈమె దగ్గర్నుంచి వీణ్ని ఎవరూ తియ్యకండి," అంది మెల్లగా.

సాయంత్రానికి గుండ్లు ఆగాయి. పిల్లాడు పాల కోసం గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"దేవుడు ఆలకించాడు," అన్నారు పాస్టరుగారు.

"ఇవాళ ఖాళీ దొరికిందేమో," అంది మిషనక్క.

కాస్త తేరుకున్న తల్లి చేతులు చాచింది. "ఇలా ఇవ్వక్కా."

ఇవ్వడానికి మిషనక్కకు చేతులు రాలేదు. నర్సమ్మ మళ్లీ మళ్లీ చెప్పాక ఇచ్చింది. ఇచ్చి, తల్లి చెవి దగ్గరికి వంగింది.

"వీడు పెద్దయ్యాక ఎవడు యూనిఫాం పట్టుకొచ్చినా తలుపు తియ్యకు. నేను కుట్టిందైనా సరే."