ఘాటు రోడ్డులో మూసుకుపోయాను

నేను ఒక థర్మోస్టాట్‌ని. పేరు విని బెదరకండి. అరచేతిలో పట్టే ఇత్తడి బిళ్లను, అంతే. ఇంజినుకూ రేడియేటర్‌కూ మధ్య కాపలా కాస్తాను. నా కడుపులో కొంచెం మైనం ఉంటుంది. ఇంజినులో నీళ్లు బాగా వేడెక్కగానే అది కరిగి ఉబ్బుతుంది, నేను తెరుచుకుంటాను. నీళ్లు రేడియేటర్‌లోకి పోయి చల్లబడి తిరిగొస్తాయి. నేను తెరుచుకోకపోతే ఇంజిను ఉడికిపోతుంది.

ఫ్యాక్టరీలో పుట్టిన వెంటనే నన్ను మరిగే నీళ్లలో ముంచారు. తెరుచుకున్నాను. పాసయ్యావన్నారు. మనుషులకు ఇలాంటి పరీక్ష ఎందుకు పెట్టరో నాకు తెలియదు.

నన్ను ఒక డీజిల్ కారులో బిగించి, పైన అల్యూమినియం మూత పెట్టారు. దాన్ని హౌసింగ్ అంటారు. నా ఇల్లు అదే. కారు మొదటి యజమాని లెక్చరరు. బండిని రోజూ తుడిచేవాడు కానీ బానెట్ ఎత్తి ఎరగడు. రెండోవాడు సిమెంటు వ్యాపారి. బానెట్ ఎత్తేవాడు, నిమ్మకాయ కట్టడానికి. చివరికి గిద్దలూరులో కిరాయిలు తోలే దస్తగిరి చేతికి వచ్చాం. అప్పటికే నా ఇంటి అంచు పుచ్చి, నీళ్లు చెమర్చేవి.

"థర్మోస్టాటూ హౌసింగూ రెండూ మార్చుకో దస్తగిరీ. మూత పిండైపోయింది" అన్నాడు మెకానిక్ జక్రయ్య.

"పెళ్లిళ్ల కిరాయిలు అయిపోనీలే జక్రయ్యా. ఇప్పుడు బండి నీకిచ్చి నేను యాడ కూచునేది?"

ఆ సాయంత్రమే దస్తగిరి రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పోశాడు. మన రోడ్ల మీద డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యం అది. పసుపు పోయి చిల్లులో కూరుకుంటుంది, లీకు ఆగుతుంది. నిజంగానే ఆగింది. మళ్లీ కారింది, మళ్లీ పోశాడు. చిల్లు ఎక్కడుందో పసుపుకు తెలియదు కదా. నీళ్లతో పాటు తిరిగి తిరిగి నా మీద పేరుకుంది. నా కడ్డీ చుట్టూ గట్టిగా గార కట్టింది. నేను తెరుచుకోవడం రోజురోజుకూ కష్టమైంది. చెబుదామంటే నాకు నోరు లేదు.

మే నెలలో ఒక ఉదయం హుసేనమ్మ నుంచి ఫోను వచ్చింది. ఆమె దస్తగిరికి అక్క. ఆమె మొగుడు కాశింపీరా రాత్రి చావిట్లో కింద పడుకుని ఉండగా ఏదో కుట్టింది. చీమ అనుకున్నాడు. తెల్లారేసరికి కడుపునొప్పి, తర్వాత మాట ముద్దగా రావడం మొదలైంది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు చూసి కట్లపాము అని తేల్చేశాడు. ఊపిరి మిషను ఉన్నచోటికి, నంద్యాలకు పోవాలన్నాడు. అంబులెన్సు కొండ అవతలి నుంచి రావాలి. దస్తగిరి ఆగలేదు, వాళ్ల ఊరికి పోయి ఇద్దరినీ ఎక్కించుకున్నాడు.

వెనక సీట్లో కాశింపీరా తల హుసేనమ్మ ఒళ్లో ఉంది. ఆరెంపీ కిటికీలోంచి చెప్పిన చివరి మాట నేనూ విన్నాను. "ఊపిరాగితే నోట్లో నోరు పెట్టి ఊదమ్మా. మిషను దొరికేదాకా ఆపబాకు."

నల్లమల ఘాటు మొదలైంది. ఎక్కుడు రోడ్డు, పైన ఎండ. నీళ్లు మరుగుతున్నాయి. నా మైనం కరిగి లోపలి నుంచి తోస్తోంది. పసుపు గార కదలనివ్వడం లేదు. ఒళ్లంతా బిగించి తోశాను. వెంట్రుకవాసి కూడా తెరుచుకోలేదు. నాకు ఒక పక్క రేడియేటర్ చల్లగా ఉంది. ఇంకో పక్క ఇంజిను కాలిపోతోంది.

వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికి పాకింది. దస్తగిరి హీటరు పూర్తిగా తిప్పాడు. హీటరు గొట్టం నన్ను దాటకుండానే ఇంజిను వేడిని లాగుతుంది. ఆ వేడంతా కారులోకి కొట్టింది.

"ఒరే, ఈ ఎండలో హీటరేందిరా? చంపుతావా మమ్మల్ని?"

"ఇది ఆపితే ఇంజిను పోద్దక్కా. ఇంజిను పోతే అందరం ఈ అడివిలోనే."

హుసేనమ్మ కొంగుతో మొగుడి ముఖం తుడుస్తూనే ఉంది. అతని రెప్పలు వాలిపోయాయి. మలుపు మీద మలుపు. కొండ నెత్తికి చేరామో లేదో బానెట్ కింద నుంచి ఆవిరి తన్నుకొచ్చింది. దస్తగిరి బండి పక్కకు తీశాడు.

ఇంజిను ఆగిన నిశ్శబ్దంలో ఇంకో చప్పుడు కూడా ఆగిందని అందరికీ తెలిసింది. కాశింపీరా ఊపిరి.

హుసేనమ్మ వెంటనే వంగి ఊదింది. ఛాతీ లేచింది, పడింది. మళ్లీ ఊదింది. దస్తగిరి వెనక తలుపు తీసి బావ చెయ్యి ఎత్తి వదిలాడు. పిండి ముద్దలా పడింది. పిలిచాడు, కదిపాడు. ఏమీ లేదు.

"వదిలెయ్యక్కా. బావ పోయినాడు. ఇంటికి తిరుక్కుందాం."

ఆమె తలెత్తింది. "గుండె కొట్టుకుంటాంది. నీ పని నువ్వు చూడు. నా పని నేను చూసుకుంటా." మళ్లీ వంగింది.

అతను పానా తీసుకుని నా మీదికి వచ్చాడు. ఒక బోల్టు ఊడింది. రెండోది తిప్పబోతే దాన్ని పట్టి ఉంచే పుచ్చిన హౌసింగ్ చెవి పుటుక్కున విరిగింది. సలసల కాగే నీళ్లు మణికట్టు మీద పడ్డాయి. అరవలేదు. పట్టకారుతో నన్ను బయటికి పీకాడు. ఒంటినిండా పసుపుతో మూసుకుపోయి ఉన్నాను. దస్తగిరి నన్ను చూశాడు. ఏం జరిగిందో, ఎవరు చేశారో అతనికి అర్థమైంది. ఆ ముఖం నేను మరిచిపోలేను. నన్ను కాళ్ల దగ్గరి మ్యాటు మీదికి విసిరేశాడు.

నేను లేకపోతే నీళ్లకు అడ్డం లేదు. ఉత్త హౌసింగ్‌నే తిరిగి పెట్టి, కింద సైకిల్ ట్యూబు ముక్క వేసి, విరిగిన చెవి వైపు కట్టుతీగతో బిగించాడు. దారిన పోయే లారీ డ్రైవరు ఆగి క్యాను నిండా నీళ్లిచ్చాడు. కానీ ఇంజిను కాస్త చల్లారేదాకా పోయకూడదు, పోస్తే ఇంజిను పైభాగం, హెడ్డు, పగిలిపోతుంది. ఆగాలి. ఎదురుగా అక్క ఊదుతోంది, ఊది ఊది తూలుతోంది. దస్తగిరి మాత్రం నీళ్ల క్యాను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

క్యాను లారీ డ్రైవరు చేతికిచ్చాడు. "నువ్వు జరుగక్కా" అని బావ మీదికి వంగాడు.

ఇంజిను చల్లారాక లారీ డ్రైవరు నీళ్లు పోశాడు, బండి కదిలింది. దిగుడు కాబట్టి ఇంజినుకు బరువు లేదు. కట్టుతీగ పక్క నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. మ్యాటు మీద చల్లారిపోతూ నేను ఒకటే విన్నాను. హుసేనమ్మ ఊపిరి లోపలికి, కాశింపీరా ఛాతీలోంచి బయటికి. నంద్యాల ఆసుపత్రి గేటు దాకా అది ఆగలేదు.

పెళ్లిళ్లు అయిపోకముందే బండి జక్రయ్య షెడ్డుకు వచ్చింది. అతను రేడియేటర్ కడిగితే నేల పసుపుపచ్చగా మారింది. కొత్త హౌసింగ్, కొత్త థర్మోస్టాట్ బిగించాడు. నన్ను ఇనపసామాను డబ్బాలో వేశాడు.

ఆ రోజే కాశింపీరా వచ్చాడు. గొంతులో గొట్టం పెట్టినందుకు మాట గరగరలాడుతోంది. బల్ల మీద కూర్చున్నాడు. దస్తగిరి బానెట్ కింద తల దూర్చి ఎత్తడం లేదు.

"బామ్మర్దీ, నేను పోయినానన్నావంట?"

"అక్క చెప్పిందా?"

"మీ అక్కెందుకు చెబుద్ది? నేనే విన్నా. రెప్ప ఎత్తలేను, ఏలు కదపలేను. ఇనపడేది మాత్రం అంతా ఇనపడతానే ఉండాది."

జక్రయ్య పానా కింద పెట్టి ఇటు తిరిగాడు.

"తిరుక్కుందామన్నావే, అప్పుడు భయమేసింది. అరవాలనుకున్నా. నోరు రాలా. కాసేపటికి ఊపిరి మారింది. బీడీ కంపు కొట్టింది. అప్పుడు తెలిసింది, నువ్వు ఊదుతుండావని. సరే, వీడు గూడా వదల్లేదు అనుకున్నా." కాశింపీరా దగ్గి నవ్వాడు. "ఆ బీడీలు మానెయ్ రా. బతికించేదేమో గాని ఆ కంపుకు పోయేవాణ్ణి."

బానెట్ కింద దస్తగిరి భుజాలు కదిలాయి.

జక్రయ్య ఇంజిను స్టార్టు చేశాడు. కొత్తది తెరుచుకుందో లేదో కంటికి కనబడదు. రేడియేటర్ పై గొట్టాన్ని చేత్తో పట్టుకుని చూడాలి, వేడి వస్తే తెరుచుకున్నట్టు. ముందు జక్రయ్య పట్టుకున్నాడు. చల్లగానే ఉంది. కాలిన మణికట్టుతో దస్తగిరి పట్టుకున్నాడు. కాశింపీరా లేచి వచ్చి అతని చెయ్యి పక్కనే తన చెయ్యి వేశాడు.

డబ్బాలో తుప్పు బోల్టుల మధ్య పడి ఉన్న నేను కూడా వాళ్లతో పాటు ఎదురుచూశాను.

"వచ్చింది బావా" అన్నాడు దస్తగిరి.