కిటికీ వరస, గోడ వరస

ఒబ్దూలియా రియాన్యో కుర్చీలను రెండు వరసలుగా సర్దుతోంది. ఎత్తి వేయదు, ఈడుస్తుంది. ఎడమ మోకాలు అంతకన్నా ఒప్పుకోదు. పొట్టి మనిషి, బరువైన మనిషి. మోచేతుల దగ్గర అతుకులు వేసిన స్వెట్టరు, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, ఎంత కడిగినా వేళ్ళ సందుల్లోంచి పోని సుద్దపొడి. కిటికీ పక్కన ఒక వరస, గోడ పక్కన ఒక వరస. థమోరా పట్టణంలో ఈ చర్చి హాలుకు వచ్చి స్పానిష్ నేర్చుకున్నవాళ్ళందరూ ఈ రెండు వరసల మధ్య తిరిగి నేర్చుకున్నవాళ్ళే.

ఆ భాషలో ప్రతి వస్తువూ ఆడో మగో అయి తీరాలి. మగమాటకు ముందు ఎల్, ఆడమాటకు ముందు లా. అక్కడితో ఆగితే బాగుండేది. కొన్ని మాటలు రెండిళ్ళ కాపురం చేస్తాయి. ‘కొమెతా’ కిటికీ దగ్గర మగమాటల్లో కూర్చుంటే తోకచుక్క, గోడ దగ్గర ఆడమాటల్లోకి వస్తే పిల్లలు ఎగరేసే గాలిపటం. ‘కపితాల్’ అక్కడ పెట్టుబడి, ఇక్కడ రాజధాని. ఇలాంటివి బట్టీ పడితే వారం నిలవవని ఒబ్దూలియా నమ్మకం. అందుకే ఆమె ఒక మాట అనగానే నేర్చుకునేవాళ్ళు ఒక వరసలో కూర్చుని ఒక అర్థం చెప్పాలి, లేచి వెళ్ళి రెండో వరసలో కూర్చుని రెండో అర్థం చెప్పాలి. ఒంటికి పట్టిన మాట మరిచిపోరు.

రెండు నెలలకని ఒప్పుకున్న పని ఇది. ముప్పై ఏళ్ళు గడిచాయి. ప్రభుత్వ బడిలో ఉద్యోగానికి రెండుసార్లు పరీక్ష రాసి రెండుసార్లూ తప్పింది. పెళ్ళి మాట ఒకసారి గుమ్మందాకా వచ్చి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం బడిపిల్లలకు వడ్డన, సాయంత్రం ఇక్కడ పాఠం. ఇంతేనా అని ఎవరైనా జాలిపడితే ఆమెకు ఒళ్ళు మండుతుంది. రొట్టెల బట్టీల్లో పనిచేసేవాళ్ళు, ద్రాక్షతోటల కూలీలు, నోరు విప్పడానికి భయపడుతూ వచ్చినవాళ్ళు బజార్లో పోట్లాడగలిగేంత భాషతో వెళ్ళారు. అది తక్కువ పనేం కాదు.

ఈరోజు ఆఖరి పాఠం. మోకాలికి ఆపరేషన్ ఉంది. ఆ తర్వాత సముద్రం ఒడ్డున హిహోన్‌లో చెల్లెలి దగ్గరే ఉండిపోతుంది. బస్సు సాయంత్రమే.

ఫాదర్ ఎవుతీమియో తలుపు దగ్గర నిలబడ్డాడు. “సోమవారం పాఠం ఎవరు చెప్తారు ఒబ్దూలియా గారూ? ఎవరూ లేకపోతే హాలు పాటలవాళ్ళకి ఇచ్చేస్తా. హాలు కావాలని నా ప్రాణం తీస్తున్నారు.”

“రుమ్యానా చెప్తుంది.”

“ఒప్పుకుందా?”

“లేదు.”

“మరి?”

“చెప్తుంది ఫాదర్.”

రుమ్యానా బల్గేరియా మనిషి, ఊళ్ళో ఒక ముసలాయన్ని చూసుకుంటుంది. ముక్కు మీద కోపం. పోయిన వారం అడిగితే, “నాకే సగం వచ్చు. తనకు మాలిన ధర్మం నాకెందుకు టీచర్?” అని కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది. కానీ పక్కవాళ్ళ తప్పుల్ని గుసగుసగా దిద్దేది ఎప్పుడూ ఆమే. ఒబ్దూలియా అదంతా వింటూనే ఉంది. ఇంకెవరివల్లా కాదు. రుమ్యానా లేచి నిలబడితే ఈ గది బతుకుతుంది, లేకపోతే లేదు.

పాఠం వేళకు ఒబ్దూలియా ఎదుటి బార్లో పాలకాఫీ తాగుతూ కూర్చుంది. ఏనాడూ ఆలస్యంగా వెళ్ళని మనిషి, అడుగున చల్లారిన గుక్క కూడా నిదానంగా తాగింది. అందరూ వచ్చారని చూసుకున్నాకే హాల్లోకి వెళ్ళింది.

“చివర ఎవరు?” అంది.

చేపల కొట్లోనయినా డాక్టరు దగ్గరయినా ఇక్కడ లోపలికి రాగానే అడిగే మాటే అది. ‘నేను’ అన్నవాళ్ళ వెనక మన వంతు. ఒకసారి అడిగాక మేయరయినా ముందుకు దూరడానికి లేదు, దూరితే ముసలమ్మలు కడిగేస్తారు.

సెనెగల్ నుంచి వచ్చిన మోదూ అలవాటుకొద్దీ చెయ్యెత్తాడు. “నేను, టీచర్.”

ఆమె మెడలోని ఊదారంగు మఫ్లరు తీసి పక్కన పెట్టుకుని అతని వెనక కుర్చీలో కూర్చుంది.

“మీ చోటు అక్కడ కదా,” అంది రుమ్యానా.

“నా ముందు ఇంతమంది ఉన్నారు. నా వంతు రానీ.”

“వేళాకోళమా? బోర్డు దగ్గరెవరున్నారు?”

“ఎవరూ లేరు. నేనూ అదే చూస్తున్నా.”

మోదూ తన బూట్లకేసి చూసుకున్నాడు. రుమ్యానా టీచరుకేసి గుర్రుగా చూసి, తన భాషలో ఏదో గొణుక్కుని లేచింది. అది తిట్టేనని ఒబ్దూలియాకు తెలుసు. రుమ్యానా వెళ్ళి సుద్దముక్క అందుకుంది.

“మోదూ, లే. ‘కురా’.”

మోదూ కిటికీ పక్కన కూర్చుని “ఫాదర్” అన్నాడు. గోడ పక్కకు వచ్చి “వైద్యం” అన్నాడు.

“ఊరికే చెప్తే సరా? మా ముసలాయనకి జ్వరమొస్తే ఎవర్ని పిలుస్తావ్?”

“ఇద్దర్నీ.”

“ముందు గోడ వరసని పిలువు బాబూ. కిటికీ వరసాయన గుమ్మంలో కనపడితే చాలు, నా పని అయిపోయిందని దుప్పటి మొహం మీదికి లాక్కుంటాడు మా ముసలాయన.”

అందరికన్నా గట్టిగా నవ్వింది తలుపు దగ్గరున్న ఫాదరే.

తర్వాతి మాటకు రుమ్యానా తడబడింది. ‘ఫ్రెంతె’ అంటే నుదురు కిటికీ వరస, యుద్ధరంగం గోడ వరస అనేసింది. ఒబ్దూలియా పెదవులు విడివడ్డాయి. నోరు కట్టేసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది.

“తిరగేశావక్కా,” అన్నాడు మోదూ.

“తెలిసే అన్నా. నువ్వు నిద్రపోతున్నావేమోనని.”

ముప్పై ఏళ్ళుగా ఒబ్దూలియా ఆడుతూ వచ్చిన అబద్ధం కూడా అదే. ఆమెకు ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు. వాళ్ళు నవ్వుతుండగానే లేచి, చప్పుడు కాకుండా బయటికి నడిచింది.

ఫాదర్ సూట్‌కేసు మోస్తూ వెంట వచ్చాడు. “పాటలవాళ్ళకి ఏం చెప్పమంటారు?”

“ఇంకో హాలు చూసుకోమనండి.”

బస్సు ఊరి పొలిమేర దాటేదాకా ఏడ్చింది. ఆ తర్వాత కాగితం విప్పి, ఆమ్లెట్ పెట్టిన రొట్టె తినడం మొదలుపెట్టింది.

హాల్లో తలుపు తోసుకుని ఎవరో కొత్తమ్మాయి వచ్చింది. జార్జియా నుంచి వచ్చి ఇంకా నెల కాలేదు.

“చివర ఎవరు?” అని భయంభయంగా అడిగింది.

రాస్తున్న రుమ్యానా తల తిప్పకుండానే సుద్దముక్కతో మోదూ వెనక కుర్చీని చూపించింది. కొత్తమ్మాయి ఇంకో కుర్చీ లాక్కుని దాని వెనక కూర్చుంది. ఆమె ముందున్న కుర్చీలో ఒబ్దూలియా ఊదారంగు ఉన్ని మఫ్లరు ఉంది, ఒక కొస నేలకు జారి.