వెలిగేదాకా చూసిన పరీక్ష

పదకొండింటికి పై అధికారి వస్తుంది. లైబ్రరీ కంప్యూటర్ గదిలోని పది పాత కంప్యూటర్లు ఇంకా పనికొస్తాయా, తుక్కు కింద పోతాయా అన్నది ఆమె తేలుస్తుంది. గది మూతపడితే మెకానిక్ ఉద్యోగమూ పోయినట్టే. యాభై దాటినవాణ్ణి, ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, ఇంకెవరు పిలిచి కుర్చీ వేస్తారు? సర్టిఫికెట్లున్నవాళ్లు వచ్చి "ఇవి పారెయ్యండి" అనడం తప్ప ఏం ఊడబొడిచారని అతని కడుపుమంట.

అందుకే కంప్యూటర్లని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్లలో మూడు తేలికరకం లినక్స్‌లు తెచ్చి వారం రోజులు పోల్చాడు. పెన్‌డ్రైవ్ మూతల రంగులే వాటికి పేర్లు. ఒకే కంప్యూటర్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి, స్విచ్ నొక్కినప్పట్నుంచి తెర వెలిగేదాకా సెకన్లు లెక్కపెట్టాడు. నీలానికి నలభై, పసుపుకి యాభై అయిదు, ఎరుపుకి డెబ్భై. పది కంప్యూటర్లలోనూ నీలాన్నే ఎక్కించాడు.

పదింటికి లైబ్రేరియన్ వచ్చాడు. మెకానిక్‌కి అక్క మొగుడు. ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే, ఆ సంగతి మరిచిపోనివ్వడు.

"ఏరా బామ్మర్దీ, మొహం అలా వేలాడేశావేం?" అంటూ ఏడో నంబరు ముందు కూర్చుని, ఉద్యోగ దరఖాస్తు తెరిచి ఫోటో ఎక్కించాడు. ఈ గదికొచ్చేవాళ్లంతా వచ్చేది ఆ పనికే.

తెర మీద బాణం బిగుసుకుపోయింది. లోపల డిస్కు గరగరలాడింది.

"పడుకుందేంట్రా?"

"లేస్తుంది బావా, ఆగు."

ఎంత ఆగినా లేవలేదు. ఇరవై ఏళ్లు ఇంటింటికీ తిరిగి బాగుచేసిన అలవాటు మెకానిక్‌ది. తెర వెలిగితే ఇంటివాళ్ల మొహాలు వెలిగేవి, అతను సంచి సర్దుకునేవాడు. ఆ తర్వాత అదెలా నడుస్తుందో ఏనాడూ కూర్చుని చూడలేదు. ఈ పరీక్షా అలాగే చేశాడు.

ఏడో నంబరు ఆపేసి, నిదానంగా లేచేదైనా నిలబడుతుందేమోనని ఒకటో నంబరులో ఎరుపు ఎక్కించాడు. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఫోటోతో సహా దరఖాస్తు వెళ్లిపోయింది. రెండోది సగంలో ఉండగా వరండాలో చెప్పుల చప్పుడు.

"వెలిగించి చూపించు చాలు. దరఖాస్తు జోలికి పోకు," అన్నాడు బావ, అతని చెవిలో.

అధికారి నేరుగా ఏడో నంబరు ముందు కూర్చుని స్విచ్ నొక్కింది. నలభై సెకన్లకి తెర వెలిగింది.

"బాగానే లేచిందే," అని ఆమె లేవబోయింది. బావ కన్నుగీటాడు.

రేపెప్పుడో దరఖాస్తు చివరి తేదీ నాడు ఎవరో ఇక్కడ కూర్చుంటారు. ఇది బిగుసుకుంటుంది. ఆ మనిషి తన కాలర్ పట్టుకున్నా తప్పులేదు.

"అందులో దరఖాస్తు నింపి చూడండి మేడమ్," అన్నాడు మెకానిక్.

నింపింది. బిగుసుకుంది.

"మరి ఇదెందుకు పెట్టారు?"

"వెలిగేదాకానే చూశానండి. తప్పు నాదే. ఒకటో నంబరు చూడండి."

డెబ్భై సెకన్లలో ఆమె రెండుసార్లు వాచీ చూసుకుంది. దరఖాస్తు వెళ్లింది. ఆమె ఏదో రాసుకుంది.

"సోమవారం వస్తాను. పది కంప్యూటర్ల ముందూ పదిమందిని కూర్చోబెట్టి ఒకేసారి నింపిస్తాను. ఈ గది సంగతి అప్పుడు చెప్తాను."

ఆమె వెళ్లాక బావ నెత్తి బాదుకున్నాడు. "నీ నోటికి తాళం వేసుంటే ఈపాటికి గండం గడిచిపోయేది కదరా."

మెకానిక్ వినలేదు. పదీ ఒకేసారి ఎప్పుడూ నడిపి చూడలేదు.

"బావా, ఆదివారం అక్కనీ పిల్లల్నీ తీసుకురా. పదిమంది కావాలి."

బావ తిట్టుకుంటూనే వేళ్లు మడిచాడు. అత్తగారిని కలుపుకున్నా ఏడుగురే తేలారు.