అనుపమ చేసిన పాట డబ్బా

విమానం వచ్చిందంటే ఆడోళ్ల పాట ఆగాలె. ఎవరు పెట్టిన కట్టడో ఏమో, ఎవ్వరూ దండోరా ఏయలే. శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచిన కాడికెల్లి, దాని గోడ పక్కనున్న ఆ ఊర్ల బతుకమ్మ ఆట గట్లనే నడుస్తున్నది. పాట ఎత్తుకున్న దుర్గవ్వ సగం మాట మీద నోరు మూస్తది. చుట్టూ తిరిగేటోళ్లు లేపిన చేతులు లేపినట్టే పెట్టుకొని నిలవడతరు. మొగులు మీది మోత దాటినంక మళ్లా ఆ సగం మాటనే అందుకుంటరు. దొర పోతుంటే లేచి నిలబడ్డట్టు!

ఆ ఆగుడు చూస్తే దుర్గవ్వ కోడలు అనుపమకు ఒళ్లు మండేది.

"మన పండుగ, మన వాకిలి, మన పువ్వులు. మనమెందుకు ఆగాలె అత్తా?"

"మొగులుతోని కొట్లాడుతమా బిడ్డా," అనేది దుర్గవ్వ. ఊర్ల ఆమెకున్నన్ని పాటలు ఇంకెవ్వరికీ లేవు. అయినా విమానం ముందట ఆమె కూడ నోరు మూసుకున్నదే.

2013ల పండుగకు నెల ముందు, యువజన సంఘం మధు ఇంటికొచ్చిండు. వరసకు మరిది. "వదినా, పాట మాటిమాటికి ఆగుతది, గిదేం ఆట? ఈసారి సద్దుల బతుకమ్మకు షాద్‌నగర్‌కెల్లి డీజే తెస్తున్నం. దానికి ఏ విమానం అడ్డమొస్తదో చూస్త," అన్నడు.

"మా అత్త పాట ఆగకుంటేనో?"

"ఆగకుంటే డీజే బండిని వచ్చిన తొవ్వనే పంపుత. ఒక్కసారి ఆగిందా, స్విచ్ ఏస్త. ఇగ ఏటేటా డీజేనే."

"సరే," అన్నది అనుపమ. అనుడైతే అన్నది గని, ఊరి మైకు సెట్టు సంగతి ఎవరికి ఎరుకలేదు? దాని గరాటులకెల్లి మాట వస్తదో గురక వస్తదో దేవునికే ఎరుక. అయితే అనుపమ ఉత్తగనే అనే మనిషి కాదు. లగ్గానికి ముందు టీవీలు చేసే ఫ్యాక్టరీల బోర్డులకు సోల్డరింగ్ పెట్టిన చేతులవి. కొత్త ఆంప్లిఫయర్ డబ్బా చేస్తనని కోఠీకి పోయి, చప్పుడు పెంచే మాస్‌ఫెట్లు, బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చింది. పాడైన ఇన్వర్టర్ విప్పి దాని అల్యూమినియం రెక్కలు ఊడబీకింది. వేడి ఆ రెక్కలల్లకెల్లి పోవాలె, లేకుంటే మాస్‌ఫెట్లు మాడిపోతయి.

కొత్త డబ్బాకు కరెంటు నేరుగ ఇయ్యొద్దు. నడుమ వంద క్యాండిల్ బల్బు పెట్టాలె. బల్బు ఒక్కపారి ఎలిగి ఆరితే అంత మంచిదే. ఆరకుండ నిండుగ ఎలుగుతున్నదంటే లోపల ఎక్కడనో షార్టున్నట్టు. అనుపమ స్విచ్ ఏసింది. బల్బు ఇల్లంత ఎలుగు చేసింది.

"బల్బు మస్తు చేసినవ్ వదినా," అన్నడు గడపల నిలబడ్డ మధు.

అనుపమ స్విచ్ బంద్ చేసి విప్పి చూస్తే, ఒక మాస్‌ఫెట్ కింద కరెంటు తగలకుండ పెట్టిన అభ్రకం పేడు చినిగి, దాని వీపు రేకు అల్యూమినియం రెక్కలకు తగులుతున్నది. కొత్త అభ్రకం ఏసింది. మళ్లా స్విచ్ ఏసింది. ఈసారి బల్బు కన్నుకొట్టినట్టు ఎలిగి ఆరింది.

గరాటు తగిలిస్తే డబ్బా పలికింది, పలుకకేం. అయితే దుబ్బుదుబ్బుమని పలికింది, రోకలితోని దంచినట్టు. మొగులు మీద విమానం గుడుగుడుమంటే డబ్బా కూడ గుడుగుడుమన్నది, మాట ఆ రెండింటి నడుమ నలిగిపోయింది. అప్పుడు అనుపమ బోర్డు మీద మాట లోపలికి వచ్చే కాడ ఉన్న పెద్ద కెపాసిటర్ తీసి చిన్నది పెట్టింది. లావు చప్పుడు మొత్తం అక్కడనే ఆగాలె, సన్నటి మాట లోపలికి పోవాలె.

"బేస్ తీసేస్తున్నవా? ఉప్పులేని పప్పే అయితది," అన్నడు మధు.

"ఉప్పు నీ డీజేకు పోసుకో. నాకు మా అత్త మాట గావాలె."

గరాటులు మిద్దె మీద కట్టి, విమానం వచ్చే యాళ్లకు "ఒకటి, రెండు, మూడు" అని మైకుల లెక్కవెట్టింది. ఊరి చివర కిరాణం కాడ కూసున్న పెంటయ్య అన్నీ తేటగ ఇనవడ్డయన్నడు. వైర్లు చూసింది, వేడి చూసింది, ఫ్యూజు చూసింది. ఒక్కటే చూడలే. అది డబ్బాల లేదు.

సద్దుల బతుకమ్మ నాడు వాకిలి నిండ బతుకమ్మలు. పక్కనే ట్రాక్టరు మీద డీజే డబ్బాలు, వాటి పక్కన మధు. దుర్గవ్వ మైకు ముందట నిలవడి పాట ఎత్తుకున్నది. ఆమె గొంతు కొడవలి లెక్క సన్నగ, పదునుగ గోడ దాక పోయింది. ఆడోళ్లు ఒకల మొఖాలు ఒకలు చూసుకొని నవ్విండ్రు.

"గుట్ట మీద పూసింది గునుగు పువ్వు ఉయ్యాలో... కోసుకొచ్చినోళ్లు..."

విమానం వచ్చింది. దుర్గవ్వ ఆగింది.

డబ్బాకు ఏ రోగం లేదు, బుడ్డి లైటు ఎలుగుతనే ఉన్నది. ఆగింది మనిషి. చేతులన్నీ గాలిల నిలవడ్డయి. అనుపమ డబ్బాను సాపు చేసింది గని, ఐదేండ్ల అలవాటును ఏ సోల్డరింగ్‌తోని ఊడబీకాలె? మధు చెయ్యి స్విచ్ దిక్కు పోయింది.

అనుపమ ఒక్క దుంకు దుంకి మైకు గుంజుకున్నది. ఆమె పాట ఎత్తితే బర్రె పాలు ఎగవెడతదని ఇంట్ల నవ్వేటోళ్లు. అయినా ఎత్తింది.

"కోసుకొచ్చినోళ్లు... కొంగుల నింపె ఉయ్యాలో!"

రాగం ఎటో, తాళం ఎటో. మాట కూడ తప్పే. అయితే ఆ తప్పు మాట నెత్తి మీది విమానాన్ని చీల్చుకొని వాడకట్టంత ఇనవడ్డది. సిగ్గుతోని చెవులు కాలుతుంటే కూడ అనుపమ ఆపలే.

దుర్గవ్వ పాటను ఎవరన్న కరాబు చేస్తే ఊకుంటదా! మొఖం చిట్లించుకొని మైకు లాక్కున్నది. "గట్ల గాదే పిల్లా, సరిగ ఇను," అన్నది. ఆ తిట్టు కూడ గరాటులకెల్లి ఊరంత ఇనవడ్డది. విమానం ఇంకా నెత్తి మీదనే ఉన్నది. దుర్గవ్వకు అది యాదికి లేదు.

"కోసుకొచ్చినోళ్లు కోడండ్లమ్మా ఉయ్యాలో!"

ఆగిన చప్పట్లు ఒక్కపారి పడ్డయి. అనుపమ మధు దిక్కు తిరిగింది.

"పాట ఆగిందా?"

"ఆగలే గని, కరాబైంది వదినా," అన్నడు మధు.

"కరాబైతే అయింది. ఆగలే గదా?"

మధు చెయ్యి కిందికి దించి, ట్రాక్టరు తిప్పుమని డ్రైవరుకు చెప్పిండు.

జరసేపటికి ఇంకో విమానం వచ్చింది. దుర్గవ్వ తలెత్తి దాన్ని ఒక చూపు చూసింది, గొంతు పెంచింది. పాటకు పాటకు నడుమ కోడలు దిక్కు వంగి, "మనం పాడుతుంటే అది ఆగదేందే?" అన్నది.