ముళ్లు తీసిన చేప

సిస్టర్ బ్రిజిడ్ ఐర్లండ్ వెళ్లిపోయి రెండేళ్లయింది. ఏలూరు హాస్టల్లో ముప్పై ఏళ్లు ఆమెకు వండిపెట్టిన మార్తమ్మకు ఆదివారం చేపల కూర వండాలంటే ఇప్పటికీ మనసొప్పదు.

కొల్లేటి శీలావతి చేపంటే ఆ దొరసానికి ప్రాణం, ముల్లంటే హడల్. అందుకని మార్తమ్మే పక్కన కూర్చుని ముళ్లు ఏరి పెట్టేది. ఆ ఏరేంతసేపూ సిస్టర్ తన ఊరి భాషలో పాఠం చెప్పేది. "క్యానూల్" అంటే మక్కువ కలిగిన అని. "నాకు నీ మీద మక్కువ" అనాలంటే "తా మె క్యానూల్ ఓర్త్". అచ్చం తెలుగులోలాగే వాళ్లకూ మక్కువ మనిషి మీదే ఉంటుందని ఆవిడకు మహా సంబరం. ఆ మక్కువ మరింత పెరిగితే క్యానూల్ కాస్తా "క్యానూల" అవుతుందట.

"మక్కువకి కొలతలేంటండీ, మరీ చోద్యం! మాట్లాడకుండా తినండి, ముల్లు దిగుద్ది," అనేది మార్తమ్మ.

"ఒక్కసారి నువ్వూ అను మార్తా," అని సిస్టర్ ఎంత బతిమాలినా అనలేదు. సిగ్గు. వంటమనిషి దొరసానితో అలా అంటే ఏం బాగుంటుంది? ఆవిడ కారెక్కుతున్నప్పుడు నోటిదాకా వచ్చి కూడా ఆగిపోయింది. రెండేళ్లుగా ఆ మాట మార్తమ్మ గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం సలోమి టీచర్ సెల్‌ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"సిస్టర్ గారికి మతిమరుపు బాగా ముదిరిపోయిందంటండీ మార్తమ్మగారూ. ఎవర్నీ గుర్తుపట్టట్లేదంట. మేమందరం మాట్లాడాం, ఉలుకూ లేదు, పలుకూ లేదు. మీరూ ఓసారి పలకరించండి."

మార్తమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుని ఫోను అందుకుంది.

"సిస్టరమ్మగారూ, మార్తనండీ."

అవతల ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

"ఏలూరు నించండీ..."

దానికీ అంతే. ఇప్పుడు అనకపోతే ఇంకెప్పటికీ అనలేనని మార్తమ్మకు తెలిసిపోయింది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"తా మె క్యానూల్ ఓర్త్ అండీ. కాదండీ... క్యానూల. క్యానూలండీ!"

సలోమి తెల్లబోయి చూసింది. అవతలి నుంచి సన్నటి గొంతు, తెలుగులోనే, నెమ్మదిగా అడిగింది.

"ముళ్లు తీశావా, మార్తా?"

మార్తమ్మకు ఏడుపు ఆగలేదు.

"తీసేశానండి. ఒక్కటి కూడా లేదు. ఇంక తినండమ్మా."