లోపలి గడియ

తప్పు గొళ్ళేనిది మాత్రం కాదు, కానే కాదు, దాన్ని తన చేత్తో చేశాడు, ఇత్తడి నాలుక, ఉక్కు స్ప్రింగు, రెండు వేళ్ళతో రెండు పక్కలా ఒకేసారి నొక్కితే గానీ వదలదు, దొర పిల్లి కాదు గదా దొర తాత దిగొచ్చినా ఆ పంజరం తెరవలేడు, ముప్పయ్యేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తాళాలన్నీ బాగుచేసినవాడు సొంతింట్లో పంజరానికి పనికిమాలిన గొళ్ళెం పెడతాడా, మరి లోపలి పిట్ట శనగ ఎందుకు చచ్చిపోయింది, ఒంటి మీద గీత లేకుండా, ఈక రాలకుండా, ఆదివారం పొద్దున్న చూసేసరికి పంజరం అడుగున కాళ్ళు ముడుచుకుని పడి ఉంది, అనుకుంటూ తాళాలాయన పశువుల ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, ఒళ్ళో ఉన్న పంజరం మీద తువ్వాలు సర్దాడు, లోపల మిగిలింది బఠాణీ ఒక్కటే, ఆకుపచ్చది, మూడు రోజులుగా గింజ ముట్టడం లేదు, తన ఈకలు తనే పీక్కుంటోంది, పచ్చగా ఉంటే బఠాణీ, పసుప్పచ్చగా ఉంటే శనగ, ఆ పేర్లు పెట్టినాయన పోయి మూడేళ్ళయింది, ఆయన కూతురు ఇప్పుడు ఇదే బల్ల మీద, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది, పదకొండేళ్ళ పిల్ల, ఆ వదిలిన చోటులో ఎవరు కూర్చున్నారో తాళాలాయనకు తెలుసు, ఏడు నెలలుగా అన్నం దగ్గరా ఆయనే, బస్సులో సీటు దగ్గరా ఆయనే.

ఇది కూడా చచ్చిపోతే నేను అత్తయ్యావాళ్ళింటికి వెళ్ళిపోతా, మళ్ళీ రాను, అని నిన్న సాయంత్రం వంటింట్లో వాళ్ళమ్మతో అంది, అరవలేదు, ఏడవలేదు, అరిస్తే ఊరుకోబెట్టవచ్చు, ఏడిస్తే ఎత్తుకోవచ్చు, బీరువా తాళం పడినట్టు టక్కున అంది, భార్య ఇవాళ ఆరింటికే డ్యూటీకి వెళుతూ, పెద్దాసుపత్రిలో నర్సు ఆమె, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, ఏమండీ, దాన్నెలాగైనా బతికించండి, అది పోతే ఇది మన దగ్గర నిలవదు, అంది, అది అంటే పిట్ట, ఇది అంటే కూతురు, అతనికి రెండూ కలిసిపోయి వినిపించాయి, నలభై తొమ్మిదేళ్ళ వయసులో పెళ్ళి చేసుకుంటుంటే స్నేహితులు నవ్వారు, పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టని సామెతరా, నీ కథ తిరగబడింది, పిల్లి ఇంట్లోనే ఉంది, పెళ్ళే దాన్ని వెతుక్కుంటూ వస్తోంది, అని, తనూ నవ్వాడు, దొర తొమ్మిదేళ్ళుగా అతని పిల్లి, కొట్టు షట్టరు సందులో దొరికిన గుప్పెడు కూన, ఇప్పుడు నడకలో ఠీవి చూస్తే కొట్టు దానిదీ, తను దాని గుమాస్తా అనుకోవాలి, కొట్టు వెనక మూడు గదుల ఇంట్లోకి ఆ తల్లీకూతుళ్ళు రెండు పెట్టెలతో ఒక పంజరంతో దిగిన రోజున, పిల్ల తన గది చూసుకుని, తలుపు వేసి, తీసి, వేసి, ఈ తలుపుకి లోపల గడియ లేదాండీ, అంది, ఆ ఇంట్లో ఆమె మొదటి మాట అదే, మన ఇంట్లో గడియలెందుకమ్మా నేనుండగా, అన్నాడు ఛాతీ ఎగరేసి, ఆ తర్వాత ఆమె అతన్ని ఏమీ పిలవలేదు, పిలవాల్సి వస్తే దగ్గరికొచ్చి నిలబడుతుంది, తనంతట తను తలెత్తి ఏంటమ్మా అనాలి.

లోపలి గడియ ఒకప్పుడు ఉండేది, వాళ్ళు రావడానికి వారం ముందు తనే నాలుగు స్క్రూలూ విప్పి తీసేశాడు, లోపల గడియ వేసుకున్న తలుపంటే అతనికి భయం, బయటి తాళం పాపం ఏం చేస్తుంది, చెవి పోతుంది, ఇంకో చెవి కోస్తాం, లోపలి గడియ అలా కాదు, దాని కోసం తనని పిలిచారంటే అవతల మనిషి పలకడం లేదని అర్థం, అలా ఒకసారి ఒక తలుపు పగలగొట్టాడు, అవతల ఒంటరి పెద్దాయన, మంచం పక్కన నేల మీద, నాలుగు రోజుల నుంచీ, ఆ వాసన ఇప్పటికీ ఇనప రజనులో కలిసి వస్తుంది, పరాయి పిల్ల తన ఇంట్లో, తండ్రి లేని పిల్ల, అలిగి లోపల గడియ వేసుకుంటే, ఏదైనా అయితే, వద్దు బాబోయ్, అని తీసేశాడు, తప్పేముంది అందులో, ప్రేమతోనే కదా తీశాడు, ప్రేమతోనే కదా సాయంత్రం అయ్యేసరికి నాలుగుసార్లు ఆ తలుపు తోసి, ఆకలేస్తోందా, పాలు తాగుతావా, లెక్కలు చెప్పనా, ఫ్యాను వెయ్యనా, అని అడిగేవాడు, అడిగినప్పుడల్లా ఆమె పుస్తకం మూసేసి, వద్దండీ, అనేది.

ఇంకోటుంది, అది భార్యకి కూడా చెప్పలేదు, బఠాణీకి ఈల వచ్చు, పిల్ల తండ్రి రోజూ ఆరింటికి మెట్లెక్కుతూ వేసిన ఈల, స్వరం రెండు మెట్లు పైకి, ఒక మెట్టు కిందకి, మనిషి పోయాడు గానీ ఈల పోలేదు, వెలుతురు తగ్గే వేళకి పిట్ట అందుకుంటుంది, పిల్ల ఎక్కడున్నా వచ్చి పంజరం ముందు నిలబడుతుంది, వంటింట్లో భార్య చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగుతుంది, కొట్టులో ఆకురాయి పట్టుకున్న తన చెయ్యి కూడా ఆగుతుంది, ఇంటి యజమాని రోజూ వస్తున్నాడు, తనే అద్దెకున్నాడు, అలా అనిపించేది, అనిపించిందని ఒప్పుకోవాలి, పది రోజుల కిందట మధ్యాహ్నం మంచినీళ్ళకి లోపలికి వస్తే హాల్లో బల్ల మీద దొర కూర్చుని ఉంది, పంజరానికి మూరెడు దూరంలో, ఒళ్ళంతా రాయి, తోక కొస ఒక్కటే కదులుతోంది, రెండు పిట్టలూ వెనక చువ్వలకి అతుక్కుపోయి ఉన్నాయి, కిచకిచ లేదు, ఉఫ్ అంటే దొర దిగిపోయేది, చప్పట్లు కొడితే పారిపోయేది, గొళ్ళెం ఉందిగా అనుకున్నాడు, నీళ్ళు తాగాడు, వెళ్ళిపోయాడు, ఆ సాయంత్రం ఆరింటికి ఈల రాలేదు, మర్నాడూ రాలేదు, ఆ రెండు రోజులూ తను అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు, ఛీ, ఎంత నీచం, పిట్టతో పోటీ ఏమిటి మనిషికి, తువ్వాలు అంచు కొంచెం ఎత్తి చూశాడు, బఠాణీ ఛాతీ మీద ఈకలు పోయి రూపాయంత మేర బోసిగా ఎర్రగా ఉంది.

ఆకుపచ్చ పిట్టవాళ్ళు రండి, అని పిలిచారు లోపలి నుంచి, డాక్టరమ్మ పెద్దావిడ, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని పంజరం చుట్టూ తిరిగి చూసి, గొళ్ళెం ఎవరు చేశారండీ, బ్యాంకుకి పెట్టుకోవచ్చు, అంది, తాళాలాయన మొహం వెలిగింది, నేనేనండీ, అన్నాడు, ఆవిడ పిట్టని గుడ్డతో పట్టి, రెక్క విప్పి, నోరు చూసి, ఇంట్లో పిల్లి ఉందా, అని అడిగింది, ఉందండీ కానీ అదేమీ చేయదు, ముట్టుకోదు, దూరంగా కూర్చుని చూస్తుందంతే, ఆదివారం దీని జతది కూడా ఒంటి మీద గీత లేకుండానే పోయింది, అన్నాడు, ఆవిడ కళ్ళజోడు కిందకి దించుకుంది, చూడటమే చేయడం నాయనా దీనికి, అంది, గొళ్ళెం ఉందని మీకు తెలుసు, పిల్లికి తెలుసు, పిట్టకేం తెలుసు, ఎదురుగా రెండు కళ్ళు, పారిపోయే దారి లేదు, దాక్కునే చోటు లేదు, రోజుకి ఎన్ని గంటలని కొట్టుకుంటుంది ఇంత గుండె, రెండోది అలాగే పోయి ఉంటుంది, కోసి చూస్తే గానీ ఖాయంగా చెప్పలేను, కానీ ఇలా పోయినవాటిని చాలా చూశాను, పిల్లికి చెలగాటం అని ఊరికే అన్నారా, తాళాలాయనకి తల మీద ఎవరో మొట్టినట్టయింది, ఆవిడ ఆపలేదు, పిల్లిని కొట్టకండి, దాని పుట్టుకే అంత, ఇద్దరినీ విడిగా ఉంచండి, పంజరం ఒక గదిలో, ఎత్తులో, పక్కన ఎక్కడానికి బల్లలూ కుర్చీలూ లేకుండా, మూడు వైపులా గుడ్డ కప్పి, లోపల చిన్న పెట్టె పెడితే దాక్కుంటుంది, పిల్లిని నిమిరిన చేత్తో దీన్ని ముట్టకండి, గోరు తగిలినా కోర తగిలినా చిన్న గీతే కదా అనుకోకుండా ఆ గంటలోనే తీసుకురండి, అన్నిటికన్నా ముఖ్యం, గది తలుపు గట్టిగా మూసుకోవాలి, ఈ పూట గింజ ముట్టిందంటే బతుకుతుంది, లేకపోతే రేపు మళ్ళీ తీసుకురండి, అప్పటి సంగతి నేను చెప్పలేను, అంది, అంతవరకూ గోడనానుకుని నిలబడ్డ పిల్ల అప్పుడు నోరు తెరిచింది, మా ఇంట్లో మూసుకునే తలుపు లేదండీ, నా గదికి గడియ లేదు, దొర తలతో తోస్తే తెరుచుకుంటుంది, అందుకే హాల్లో పెట్టాం, అంది, డాక్టరమ్మ గొళ్ళెం వంక చూసి, అతని వంక చూసి, తాళాలు చేసే ఇంట్లోనా, అంది, నవ్వుతూనే అంది, తాళాలాయన తేలు కుట్టిన దొంగలా తల దించుకుని పంజరం మీద తువ్వాలు కప్పాడు.

తిరిగి నడుస్తుంటే పంజరం పిల్లే పట్టుకుంది, రెండు చేతులతో, గుండెకి ఆనించి, బరువుగా ఉందేమో, తనకి ఇమ్మనాలా, అలిసిపోయిందేమో, ఏడుస్తోందేమో, పక్కకి తిరిగి మొహంలోకి చూశాడు, చూడగానే ఆమె భుజాలు లోపలికి ముడుచుకున్నాయి, మెడ దిగిపోయింది, అడుగు తడబడింది, చటుక్కున రోడ్డు వైపు తిప్పుకున్నాడు మొహం, సైకిళ్ళు, పళ్ళ బండి, కరెంటు తీగ మీద కాకి, పది అడుగులయ్యాక పాడు మనసు మళ్ళీ పిల్ల వైపు లాగింది, అక్కడున్న మందుల షాపు అద్దంలో దొంగగా చూశాడు, భుజాలు విడివడ్డాయి, మామూలుగా నడుస్తోంది, తువ్వాలు సందులోంచి పిట్టతో ఏదో చెబుతోంది కూడా, తను చూడకపోతే ఈ పిల్ల మామూలుగా నడుస్తుందన్నమాట, తువ్వాలు కప్పాక ఈకలు పీక్కోవడం మానేసిన పిట్టలాగా, ఏడు నెలలు, అన్నం తింటుంటే ఎంత తింటోందో, చదువుతుంటే ఏం చదువుతోందో, నవ్విందా, నవ్వలేదా, ఇవాళైనా నాన్నా అంటుందా, కళ్ళల్లో వత్తులేసుకుని చూశాడు, చూస్తున్నానంతే కదా, ఏమీ చేయలేదు కదా, మంచిగానే కదా, దొర కూడా అలాగే అనుకుని ఉంటుంది బల్ల మీద కూర్చుని, అయ్యో, అయ్యో, అన్నాడు పైకే, పళ్ళ బండివాడు తిరిగి చూశాడు.

దొరని కొట్టులో పెట్టి షట్టరు సగం దించి, సొరుగులన్నీ తిరగేస్తే నాలుగంగుళాల ఇత్తడి గడియ దొరికింది, విప్పి పడేసిన పాతదే, నూనె వేసి తుడిచి, స్క్రూ డ్రైవరు పట్టుకుని పిల్ల గదిలోకి వచ్చాడు, వాళ్ళు వచ్చాక తలుపు లోపలి వైపు ఎప్పుడూ చూడలేదు తను, ఎప్పుడూ తోసుకుని లోపలికి రావడమే, ఇప్పుడు దగ్గరగా కూర్చుంటే కనిపించింది, పిడికి ఒక జడ రిబ్బను కట్టి ఉంది, ఎర్రది, పక్క గోడకున్న మేకుకి దాని రెండో ముక్క వేలాడుతోంది, మధ్యలో తెగి పీచులు లేచింది, నెల కిందట పాల గ్లాసుతో తలుపు తోస్తే ఏదో పట్టేసినట్టయి పుటుక్కుమంది, చెక్క ఉబ్బింది కాబోలు అనుకుని భుజంతో గట్టిగా తోశాడు, రేపు చిత్రిక పట్టాలి అని కూడా అన్నాడు, ఈ పిల్ల తనకొక గడియ చేసుకుంది, చేతనైనదానితో చేసుకుంది, తాళాలాయన దాన్ని పాల గ్లాసుతో వచ్చి తెంపాడు, కళ్ళు మసకబారి స్క్రూ గాడి కనిపించలేదు కాసేపు, పిల్ల తన వెనక నిలబడి ఉంది, తను తిరిగి చూడలేదు, పాత రంధ్రాల్లో పుల్లలు కొట్టి నాలుగు స్క్రూలూ బిగించాడు, గడియ ముందుకీ వెనక్కీ ఆడించాడు, లేచి, తల దించుకునే, ఇది నీదమ్మా, నువ్వు తీస్తే తప్ప నేను రాను, అన్నాడు, రిబ్బను ముక్కలు రెండూ విప్పి జేబులో వేసుకుని బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగాడు.

ఆ గడియ పడిన చప్పుడు వినిపించింది, నూనె వేసినా కొంచెం కీచుమంది, ఒకప్పుడు ఆ చప్పుడుకి వణికేవాడు, అవతల ఏమవుతోందో, ఏమవుతోందో అని, అవతల ఒక పిల్ల ఉంది, ఒక పిట్ట ఉంది, తలుపు వాళ్ళ చేతుల్లో ఉంది, అంతే అవుతోంది, పెద్దాయన పోయింది గడియ వల్ల కాదు, తట్టేవాళ్ళు లేక, ఎవరైనా రోజూ తట్టి, తీసే దాకా ఆగి ఉంటే ఆయన నాలుగు రోజులు నేల మీద ఉండేవాడు కాదు, తోయకూడదు, తట్టాలి, తట్టి ఆగాలి, ఇంత చిన్న సంగతి తెలియడానికి ముప్పయ్యేళ్ళ తాళాల పని చాలలేదు, ఒక శనగ పోవాల్సి వచ్చింది, దొరని ఎత్తుకొచ్చి హాల్లో ముక్కాలిపీట మీద కూర్చున్నాడు, అలవాటు కొద్దీ దొర తల ఆ గది వైపు తిరిగింది, అలవాటు కొద్దీ తన తలా తిరిగింది, పద, మనకి అక్కడేం పని లేదు, అని గొణిగి పీట వీధి వైపు తిప్పుకుని, దొర మొహం కూడా అటే తిప్పి ఒళ్ళో పట్టుకున్నాడు, ఎంతసేపైందో, గోడ గడియారం పన్నెండు కొట్టి కూడా చాలాసేపైంది, అప్పుడు తలుపు అవతల నుంచి, దగ్గరికొచ్చి నిలబడటానికి వీల్లేదు కాబట్టి గొంతెత్తే, ఇదిగో, గింజ తీసుకుంది, రెండోది కూడా తీసుకుంటోంది, అంది పిల్ల, లేచి చూడాలని కాళ్ళు పీకాయి, ఏదీ చూడనా అనే మాట నాలుక దాకా వచ్చింది, మింగేసి, మంచిదమ్మా, అన్నాడు, తలుపుకి వీపు పెట్టి అలాగే కూర్చున్నాడు.